బ్రిటన్ మ్యూజిక్ ఫెస్టివల్స్‌లో సెక్యూరిటీ పని: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకూ, చదువు ముగించుకుని గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవారికీ వేసవి దగ్గరపడేకొద్దీ ఇవే సందేహాలు వస్తుంటాయి. జూన్‌లో డోనింగ్టన్ పార్క్‌లో జరిగే డౌన్‌లోడ్ మొదలుకొని ఆగస్టు చివరి బ్యాంక్ హాలిడేకు జరిగే రీడింగ్, లీడ్స్, క్రీమ్‌ఫీల్డ్స్ వరకు ప్రతి పెద్ద ఫెస్టివల్‌కూ భద్రతా సిబ్బంది పెద్ద సంఖ్యలో కావాలి. ఆ షిఫ్టుల గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సమాచారం చాలావరకు పాతది, కొంత ప్రమాదకరమైనది కూడా. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవడానికి వీలుగా ఈ జవాబులు రాశాము. చట్టాల ప్రస్తావన వచ్చినచోట అది ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తిస్తుందని గమనించగలరు.

## లైసెన్స్ తీసుకునే దశ

స్టీవార్డ్‌కూ సెక్యూరిటీకీ తేడా ఏమిటి? ఇద్దరూ వేసుకునేది ఆ మెరిసే జాకెట్టే కదా?

జాకెట్టు ఒకటే అయినా చట్టం దృష్టిలో పని వేరు. టికెట్ చూడటం, దారి చూపడం, నడవాల్లో జనం ఆగిపోకుండా చూడటం, ప్రమాదం కనిపిస్తే తెలియజేయడం స్టీవార్డ్ పనులు. వీటికి లైసెన్స్ అక్కర్లేదు. సంచులు, జేబులు వెతకడం, లోపలికి రానివ్వాలో వద్దో నిర్ణయించడం, గొడవ చేసేవారిని బయటికి పంపడం, ఆస్తికి కాపలా కాయడం మాత్రం 2001 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఇండస్ట్రీ చట్టం కిందికి వస్తాయి. వీటికి సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ, అంటే అందరూ ఎస్‌ఐఏ అని పిలిచే సంస్థ, ఇచ్చే లైసెన్స్ తప్పనిసరి. స్టీవార్డ్‌గా తీసుకుని, గేటు దగ్గర మనుషులు తక్కువయ్యారని మిమ్మల్ని సంచులు వెతకమంటే మర్యాదగా నిరాకరించండి. ఆ తప్పుకు పంపిన సూపర్‌వైజర్‌తోపాటు మీరూ బాధ్యులవుతారు.

సెక్యూరిటీ గార్డ్ లైసెన్స్ సరిపోతుందా, డోర్ సూపర్‌వైజర్ లైసెన్సే కావాలా?

డోర్ సూపర్‌వైజర్ లైసెన్సే తీసుకోండి. ఫెస్టివల్ మైదానంలో మద్యం అమ్ముతారు కాబట్టి అది లైసెన్స్ పొందిన ప్రాంగణం అవుతుంది. అక్కడ ప్రేక్షకులతో నేరుగా వ్యవహరించే పనులకు మామూలు గార్డ్ లైసెన్స్ చాలదు. పైగా డోర్ సూపర్‌వైజర్ లైసెన్స్ ఉన్నవారు గిడ్డంగులు, ఆఫీసుల్లో గార్డు పని కూడా చేసుకోవచ్చు. లైసెన్స్ కాలం మూడేళ్లు.

శిక్షణలో ఏముంటుంది? రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఒకరు అంటున్నారు.

ముందు అత్యవసర ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. ఆ తరువాత డోర్ సూపర్‌వైజర్ కోర్సులో చట్టం, పని విధానం, గొడవను మాటలతో చల్లార్చడం, శారీరకంగా అడ్డుకోవలసి వస్తే అది ఎలా చేయాలి అనే భాగాలుంటాయి. చివరి భాగాన్ని శిక్షకుడి ఎదుట చేసి చూపించాలి. ఇదంతా సుమారు వారం రోజుల పని. రెండు రోజుల్లో ముగిస్తామన్నా, పరీక్ష జవాబులు ముందే చెబుతామన్నా అక్కడ డబ్బు కట్టకండి. అలాంటి మోసం బయటపడితే సర్టిఫికెట్లు రద్దవుతాయి, వాటిమీద వచ్చిన లైసెన్సులూ పోతాయి.

ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ తెప్పించుకోవాలా?

గత ఐదేళ్లలో వరుసగా ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం బ్రిటన్ బయట ఉన్నవారు ఆ దేశపు నేరచరిత్ర ధ్రువపత్రాన్ని ఎస్‌ఐఏకి సమర్పించాలి. కొత్తగా వచ్చిన విద్యార్థులందరికీ ఇది వర్తిస్తుంది. బయలుదేరే ముందే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా పీసీసీ తీసుకుని వస్తే చాలా సమయం కలిసివస్తుంది. ఇక్కడికి వచ్చాక కూడా భారత హైకమిషన్ తరఫున దరఖాస్తులు స్వీకరించే కేంద్రం ద్వారా తీసుకోవచ్చు కానీ, మీ సొంత ఊరి పోలీస్ స్టేషన్ విచారణ మీద ఆధారపడితే అది ఎన్నాళ్లు పడుతుందో ముందుగా చెప్పలేము. జూన్ షిఫ్టుల కోసం మే నెలలో దరఖాస్తు చేయడం ఆశావాదమే. కంపెనీ కూడా విడిగా మీ గత ఐదేళ్ల చదువు, ఉద్యోగ వివరాలను ఆరా తీస్తుంది కాబట్టి, హైదరాబాదులోనో విజయవాడలోనో పనిచేసిన చోటి నుంచి పలికే ఈమెయిల్ చిరునామా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

లైసెన్స్ ఇంకా రాలేదు. స్నేహితుడి బ్యాడ్జ్ పెట్టుకుని ఒక్క షిఫ్ట్ చేయవచ్చా?

చేయకూడదు. లైసెన్స్ లేకుండా పనిచేయడం నేరం. ఆరు నెలల వరకు జైలు, పరిమితి లేని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బ్యాడ్జ్ ఇచ్చిన స్నేహితుడు కూడా లైసెన్స్ పోగొట్టుకుంటాడు. పెద్ద ఫెస్టివల్స్‌కు ఎస్‌ఐఏ తనిఖీ అధికారులు స్వయంగా వస్తారు. బ్యాడ్జ్ మీది నంబరును ఎవరైనా ఎస్‌ఐఏ రిజిస్టర్‌లో క్షణాల్లో చూసుకోవచ్చు.

## వీసా, గంటలు, జీతం

నేను మాస్టర్స్ చేస్తున్నాను. వేసవి సెలవులే కాబట్టి ఫుల్‌టైమ్ షిఫ్టులు చేయవచ్చా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఆపై స్థాయి చదువుతున్నవారు కళాశాల నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. వేసవిలో బీఎస్సీ విద్యార్థికి సెలవులు ఉంటాయి. ఏడాది మాస్టర్స్ చేస్తున్నవారికి మాత్రం డిసర్టేషన్ రాసే జూన్ నుంచి సెప్టెంబరు వరకు కాలం సాధారణంగా చదువు కాలంగానే లెక్క, తరగతులు ఒక్కటీ లేకపోయినా సరే. మీ యూనివర్సిటీ క్యాలెండర్‌లో మీ కోర్సుకు సెలవులని స్పష్టంగా ఉంటే తప్ప ఫుల్‌టైమ్ పని చేయకండి. అనుమానం ఉంటే అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి రాసి, వచ్చిన జవాబును దాచుకోండి.

వారం అంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. ఈ వారం ఎక్కువ, వచ్చే వారం తక్కువ అని సర్దుకోవడానికి వీల్లేదు. గురువారం నుంచి ఆదివారం దాకా పన్నెండు గంటల చొప్పున నాలుగు షిఫ్టులంటే 48 గంటలు. అదే వారంలో సూపర్‌మార్కెట్‌లో చేసిన ఎనిమిది గంటలు కూడా కలుస్తాయి. కాబట్టి 20 గంటల పరిమితి ఉన్నవారు ఒక ఫెస్టివల్‌లో ఒక పన్నెండు గంటల షిఫ్టు, మహా అయితే దానితోపాటు మరో చిన్న షిఫ్టు మాత్రమే చేయగలరు. అన్ని రోజులూ రావాలని షరతు పెట్టే కంపెనీని వదులుకోవడమే మేలు. కోర్సు అధికారికంగా ముగిసిన తేదీ తరువాత, వీసా ఉన్నంతవరకు, ఈ గంటల పరిమితి ఉండదు.

కంపెనీ నన్ను సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా చేరమని, ఇన్‌వాయిస్ పంపమని అంటోంది. పరవాలేదా?

స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం. అది ఒక్క గంట పనైనా వీసా షరతును మీరినట్టే. గ్రాడ్యుయేట్ వీసా ఉన్నవారికి ఆ నిషేధం లేదు. అయినా ఎప్పుడు రావాలో, ఎక్కడ నిలబడాలో, ఏం వేసుకోవాలో కంపెనీయే నిర్ణయిస్తున్నప్పుడు మీరు స్వతంత్ర వ్యాపారి ఎలా అవుతారన్నది అడగదగిన ప్రశ్న. ఇలా చేర్చుకోవడంలో కంపెనీకి సెలవు జీతం, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ వాటా మిగులుతాయి. పన్ను లెక్కల భారం మీ మీద పడుతుంది.

డబ్బు తీసుకోకుండా వాలంటీర్‌గా వెళ్తే గంటలు లెక్కలోకి రావా?

రావచ్చు. నిర్ణీత షిఫ్టులు చేస్తామని ఒప్పుకుని, బదులుగా టికెట్ వంటి లాభం పొందుతున్నప్పుడు దాన్ని పనిగానే పరిగణించే అవకాశం ఉంది. జీతం లేకపోయినా అలాంటి పని 20 గంటల్లో కలుస్తుంది. గ్లాస్టన్‌బరీ వంటి ఫెస్టివల్స్‌కు ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా స్టీవార్డులను పంపుతోంది. మంచి అనుభవమే, కానీ స్టూడెంట్ వీసా ఉన్నవారు ముందుగా యూనివర్సిటీని అడిగే వెళ్లాలి. గ్లాస్టన్‌బరీకి 2026 విశ్రాంతి సంవత్సరం, ఆ ఏడాది అది జరగదు.

గంటకు ఎంత ఇస్తారు?

21 ఏళ్లు దాటినవారికి చట్టప్రకారం కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి గంటకు 12.21 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 12.71 పౌండ్లు. లైసెన్స్ ఉన్న పనికి దీనికంటే ఎక్కువ అడగడం సమంజసం. పని మొదలయ్యే ముందు జరిగే బ్రీఫింగ్‌కు మిమ్మల్ని తప్పనిసరిగా రమ్మంటే ఆ సమయానికీ జీతం రావాలి. యూనిఫాం ఖర్చు పేరుతో కోత పెట్టి వేతనాన్ని కనీస స్థాయికి దిగువకు తేవడం చట్టవిరుద్ధం. కంపెనీ మినీబస్సులో నాలుగు గంటలు కూర్చుని వెళ్లే ప్రయాణానికి మాత్రం చాలాచోట్ల ఏమీ ఇవ్వరు. అంగీకరించే ముందు ఆ గంటలు కూడా కలిపి లెక్క వేసుకుంటే అసలు గిట్టుబాటు ఎంతో తెలుస్తుంది.

## బయలుదేరే ముందు

ఏమేమి తీసుకెళ్లాలి?

లైసెన్స్ కార్డు, అది పైకి కనిపించేలా పెట్టుకునే ఆర్మ్‌బ్యాండ్, నల్ల ప్యాంటు, నీరు చొరబడని బూట్లు. బూట్లను కొత్తవిగా నేరుగా షిఫ్టుకు వేసుకెళ్తే మొదటి రోజు సాయంత్రానికే మడమలు ఒరుసుకుపోతాయి, కనుక వారం ముందు నుంచే వాడుకలో పెట్టండి. జూలైలో కూడా తెల్లవారుజామున పొలాల్లో చలి ఒణికిస్తుంది. థర్మల్ బనియను, అదనంగా మూడు జతల మేజోళ్లు పెట్టుకోండి. వాన పడితే మైదానం మొత్తం బురదే. పవర్ బ్యాంక్, తలకు కట్టుకునే టార్చి, చిన్న నోట్‌బుక్, పెన్ను మరచిపోకండి. కంపెనీ టెంట్ ఇస్తుందా, మీరే తెచ్చుకోవాలా అన్నది ముందే రాతపూర్వకంగా అడగండి.

భోజనం ఎలా? నేను శాకాహారిని.

సిబ్బందికి సాధారణంగా భోజన కూపన్లు ఇస్తారు, శాకాహారం దొరుకుతుంది. అయితే రాత్రి రెండింటికి విరామం వచ్చినవారికి మిగిలేది తరచుగా చిప్స్ మాత్రమే. పులిహోర మొదటి రోజుకు పనికొస్తుంది; ఆ తరువాతకు వేయించిన అటుకులు, పల్లీలు, ఖర్జూరాలు మేలు. ఆరు గంటలకు మించిన షిఫ్టులో కనీసం 20 నిమిషాల విరామం మీ హక్కు.

## గేటు దగ్గర

సంచి వెతికే అధికారం నాకు నిజంగా ఉందా?

పోలీసులకు ఉన్న అధికారం మీకు లేదు. మీరు వెతకగలిగేది ఎదుటివారి సమ్మతితోనే. టికెట్ షరతుల్లో ఆ సమ్మతిని ప్రవేశానికి నియమంగా పెడతారు. ఒప్పుకోకపోతే బలవంతంగా వెతకకూడదు, లోపలికి రానివ్వకుండా సూపర్‌వైజర్‌ను పిలవాలి.

వెతికే పద్ధతి ఇలా ఉంటుంది. ముందుగా పలకరించి, ఏం చేయబోతున్నారో చెప్పి, చేతికి గుచ్చుకునే వస్తువు ఏదైనా ఉందా అని అడగాలి. జేబులోని వస్తువులను వారి చేతనే తీయించి బల్లమీద పెట్టించాలి. సంచిని తెరవడం కూడా వారి చేతనే చేయించి, లోపల చెయ్యి దూర్చి తడమకుండా, పైపొరలు వారినే తీయమని అడుగు వరకు చూడాలి. తడిమి చూసే తనిఖీని అదే లింగానికి చెందిన సిబ్బందే, మరొకరు చూస్తుండగా చేయాలి. పొడవైన వరుస పెరిగిపోతుంటే తొందరపెట్టే అరుపులు వెనకనుంచి వస్తాయి. వేగాన్ని నిర్ణయించే బాధ్యత కంట్రోల్ రూమ్‌ది. వారు చెప్పనిదే తనిఖీని సడలించకండి.

మాదకద్రవ్యాలు దొరికితే ఏం చేయాలి?

మీ జేబులో మాత్రం పెట్టుకోకండి, ఒక్క నిమిషానికైనా. సూపర్‌వైజర్‌ను పిలిచి, సాక్షి ఎదుట సంచిలో వేసి సీలు చేసి, సమయం, స్థలం రాసి, ఆ ఫెస్టివల్ నిర్దేశించిన పద్ధతిలో అప్పగించాలి. లాఫింగ్ గ్యాస్ డబ్బాలను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2023 నవంబరు నుంచి నైట్రస్ ఆక్సైడ్ బ్రిటన్‌లో నిషిద్ధ మాదకద్రవ్యాల జాబితాలో ఉంది.

అమ్మాయిలు ఈ పని చేయవచ్చా? ఇంట్లో భయపడుతున్నారు.

చేయవచ్చు, పైగా గిరాకీ ఎక్కువ. మహిళలను తనిఖీ చేయడానికి మహిళలే కావాలి, వారు తక్కువైతే ఒక వరుస మొత్తం ఆగిపోతుంది. ఇంట్లోవారి భయానికి జవాబుగా కంపెనీని మూడు విషయాలు అడగండి: మహిళా సిబ్బందికి విడిగా పడుకునే చోటు ఉందా, రాత్రి పోస్టుల్లో ఇద్దరిని కలిపి వేస్తారా, షిఫ్టు ముగిశాక టెంట్ల వరకు వాహనం ఉందా. సూటిగా జవాబు రాకపోతే ఆ కంపెనీతో వెళ్లవద్దు.

రేడియోలో నా ఇంగ్లిష్ అర్థం కాదేమో?

యాసకంటే తొందరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడటం మొదలుపెట్టండి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ఎవరిని పిలుస్తున్నారు, మీరెవరు, ఎక్కడ ఉన్నారు, ఏం జరిగింది, ఏం కావాలి అనే వరుసలో చెప్పండి. "ఇక్కడ గొడవ" అంటే కంట్రోల్ రూమ్‌కు ఏమీ తెలియదు. "గేట్ ఫోర్, మూడో లేన్, ఒక వ్యక్తి స్పృహలో లేడు, వైద్య సిబ్బంది కావాలి" అంటే అర నిమిషంలో మనుషులు బయలుదేరుతారు. పేర్లు చెప్పవలసి వస్తే ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే అక్షరమాల వాడతారు, దాన్ని బస్సులోనే నేర్చుకోవచ్చు.

## వేదిక ముందు

పిట్‌లో వేస్తే ఏం చేయాలి? పాట చూడవచ్చా?

వేదికకూ మొదటి బారికేడ్‌కూ మధ్య ఉండే ఖాళీ జాగానే పిట్ అంటారు. అక్కడ మీ వీపు ఎప్పుడూ వేదిక వైపే, ముఖం జనం వైపు. తలలమీదుగా దొర్లుకుంటూ వచ్చేవారిని ఇద్దరు ముగ్గురు కలిసి అందుకుని, మెడ, తల పట్టు తప్పకుండా కిందికి దించి పక్కదారిన పంపడం, కప్పుల్లో నీళ్లు అందించడం, పాలిపోయిన ముఖాలను గుర్తించి బయటికి లాగడం పని. పాట వినపడుతుంది, చూడటం కుదరదు.

గుంపు ప్రమాదకరంగా మారిందని ఎలా తెలుస్తుంది?

చాలామంది తొక్కిసలాట అంటే జనం పరుగెత్తి ఒకరినొకరు తొక్కుకోవడం అనుకుంటారు. సంగీతోత్సవాల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా నిలబడినచోటే, ఛాతీ విచ్చుకోవడానికి చోటు లేక ఊపిరాడక. చదరపు మీటరుకు ఐదుగురు దాటాక మనిషికి తన కదలిక మీద అదుపు పోతుంది. వెనక ఒకచోట పుట్టిన తోపు ముందుకు అలలా వచ్చి చేరుతుంది. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డేలో తొమ్మిది మంది, 2021లో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్‌లో పదిమంది ఇలా చనిపోయారు. బ్రిటన్‌లో 1988లో డోనింగ్టన్‌లోనే ఇద్దరు మరణించారు.

మీరు చూడవలసినవి ఇవి. తలలు ఒక్కసారిగా ఒకే దిక్కుకు ఊగుతుంటే, చేతులు కిందికి దించలేక పైకెత్తి ఉంచుకుంటే, గొంతు కలిపి పాడుతున్న జనం పాడటం మానేసి నోరు తెరిచి పైకి చూస్తుంటే, జనం మధ్యలో హఠాత్తుగా గుంత పడినట్టు ఖాళీ ఏర్పడితే (ఎవరో కింద పడి ఉండవచ్చు) వెంటనే పిట్ సూపర్‌వైజర్‌కు చెప్పండి. పెద్ద ఫెస్టివల్స్‌లో ప్రదర్శనను ఆపించే పద్ధతి ముందే రాసి ఉంటుంది, ఆపే అధికారం ఎవరిదో బ్రీఫింగ్‌లో చెబుతారు. చెప్పకపోతే అడిగి తెలుసుకోండి. అనవసరంగా చెప్పానేమో అన్న మొహమాటం ఈ ఒక్క విషయంలో పెట్టుకోవద్దు.

అనుమానాస్పదమైన సంచి లేదా మనిషి కనిపిస్తే?

వదిలేసిన సంచులు ఫెస్టివల్‌లో వందల్లో ఉంటాయి. దాన్ని కావాలని దాచి ఉంచారా, వైర్లో బ్యాటరీలో పైకి కనిపిస్తున్నాయా, ఆ చోట అలాంటి వస్తువు మామూలుగా ఉండేదేనా అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అనుమానం తీరకపోతే ముట్టుకోకుండా జనాన్ని దూరం జరిపి, 15 మీటర్ల అవతలికి వెళ్లాకే రేడియో వాడాలి.

మనిషి విషయంలో 2017 మే 22 నాటి మాంచెస్టర్ అరీనా దాడి మీద జరిగిన బహిరంగ విచారణ నివేదికను గుర్తుంచుకోవాలి. 22 మంది మరణించిన ఆ రాత్రి ఒక యువ సిబ్బందికి దాడి చేసినవాడి మీద అనుమానం వచ్చింది. జాతి వివక్ష అనుకుంటారేమోనన్న సంకోచం ఒకవైపు, కంట్రోల్ రూమ్‌కు రేడియో అందకపోవడం మరోవైపు, ఆ సమాచారం చేరవలసినచోటికి చేరలేదు. రంగునూ దుస్తులనూ కాక ప్రవర్తనను చూసి చెబితే అందులో తప్పుపట్టడానికి ఏమీ ఉండదు. ఆ దాడి తరువాతి ప్రయత్నాల ఫలితంగా జనం గుమిగూడే చోట్ల ఉగ్రదాడులను ఎదుర్కొనే ఏర్పాట్లు ఉండాలనే మార్టిన్స్ లా అనే చట్టం 2025 ఏప్రిల్‌లో ఆమోదం పొందింది. పూర్తిగా అమలులోకి రావడానికి కనీసం రెండేళ్ల గడువు ఇచ్చారు.

గొడవ చేసేవాడిని పట్టుకోవచ్చా? ఎంత బలం వాడవచ్చు?

మామూలు పౌరుడికి ఉన్నంత అధికారమే మీకూ ఉంది. ఆత్మరక్షణకు, ఇతరులను కాపాడటానికి, నేరాన్ని ఆపడానికి ఆ క్షణానికి తగినంత బలం మాత్రమే వాడవచ్చు. గొడవ చల్లారాక వేసే ఒక్క దెబ్బ మిమ్మల్ని నిందితుణ్ణి చేస్తుంది, చుట్టూ వెయ్యి ఫోన్లు రికార్డు చేస్తుంటాయి. ఎవరినైనా బోర్లా పడుకోబెట్టి వీపుమీద బరువు వేయడం ప్రాణాంతకం. శిక్షణలో నేర్పని పట్టు పట్టకండి, ఒంటరిగా పట్టకండి.

చెవులకు ఏమీ కాదా?

కాకుండా చూసుకోవాలి. రోజు మొత్తం సగటున 85 డెసిబెల్స్ దాటే చోట రక్షణ పరికరాలు ఇచ్చి వాడించడం యజమాని బాధ్యత. స్పీకర్ల పక్కన శబ్దం దానికంటే చాలా ఎక్కువ. ఇయర్‌ప్లగ్స్ ఇవ్వనిదే పిట్‌లోకి వెళ్లకండి.

## రాత్రి, శిబిరాల్లో

రాత్రి క్యాంప్‌సైట్ షిఫ్టు తేలికని అంటారు, నిజమేనా?

కదలిక తక్కువ, మెలకువ ఎక్కువ కావాలి. టెంట్లలో దొంగతనాలు, చివరి రాత్రి పెట్టే మంటలు, మత్తులో దారి తప్పినవారు ఇక్కడి సమస్యలు. టెంట్ లోపల బార్బెక్యూ కుంపటి కనిపిస్తే వెంటనే బయటికి తీయించండి. ఆరిపోయినట్టు కనిపించే కుంపటి నుంచీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. మత్తులో పడుకున్నవారిని నిద్రపోనీలే అని వదిలేయకండి. పిలిస్తే పలకకపోతే వైద్య సిబ్బందిని పిలిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. స్పృహ సరిగా లేని అమ్మాయిని "నేను స్నేహితుణ్ణి" అంటూ ఎవరైనా తీసుకెళ్తుంటే ఆమె పేరు అడగండి, వెల్ఫేర్ టెంట్ వరకు మీరే తీసుకెళ్లండి.

జాతి పేరుతో తిడితే ఏం చేయాలి?

తాగినవారి నోట ఇది వినవలసి రావచ్చు. ఎదురు తిట్టకుండా బాడీ కెమెరా ఉంటే ఆన్ చేసి, సహచరుణ్ణి పిలిచి, సమయంతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇది చట్టరీత్యా నేరం, పోలీసులకు ఫిర్యాదు చేసే హక్కు మీకు ఉంది. సర్దుకుపొమ్మని సూపర్‌వైజర్ చెప్పినా ఫిర్యాదును రాతలో ఇవ్వండి.

## ఫెస్టివల్ ముగిశాక

నెల దాటినా డబ్బు రాలేదు. ఎవరిని అడగాలి?

ముందు కంపెనీకి ఈమెయిల్‌లో తేదీలు, గంటలు రాసి అడగండి. ఫోన్ మాటలకు సాక్ష్యం ఉండదు. సైన్ ఇన్ షీటు ఫొటో, రోస్టర్ మెసేజీలు దాచి ఉంచుకుంటే ఇక్కడ అక్కరకొస్తాయి. ఫలితం లేకపోతే ఏకాస్ అనే ప్రభుత్వ సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది, ఆ తరువాత ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ ఉంటుంది. ట్రిబ్యునల్‌కు గడువు ఉంటుంది కాబట్టి వచ్చే సీజన్‌లో ఇస్తారులే అని ఆగవద్దు.

ఈ అనుభవంతో కంపెనీ నాకు స్పాన్సర్‌షిప్ ఇస్తుందా?

ఇవ్వలేదు. సెక్యూరిటీ గార్డు, డోర్ సూపర్‌వైజర్ ఉద్యోగాలు స్కిల్డ్ వర్కర్ వీసాకు అర్హమైన జాబితాలో లేవు. ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు మోసగాళ్లే. అయితే కంట్రోల్ రూమ్ లాగింగ్, క్రౌడ్ సేఫ్టీ, ఈవెంట్ ప్లానింగ్ వైపు ఆసక్తి ఉన్నవారికి ఒకటి రెండు సీజన్ల అనుభవం సీవీలో గట్టిగా నిలుస్తుంది. సూపర్‌వైజర్ పేరు, చేసిన పోస్టుల వివరాలు ఇంటికి చేరిన రోజే రాసి పెట్టుకోండి; ఆర్నెల్ల తరువాత రిఫరెన్స్ అడిగేసరికి సీజన్ కోసం తీసుకున్న ఆఫీసు సిబ్బంది చాలావరకు మారిపోయి ఉంటారు.